కోదాడ పిల్ల, విజయవాడ ఇంటర్, తెలంగాణ సీటు: కాలేజీ అడ్మిషన్లలో రిజర్వేషన్ లెక్క అసలెలా నడుస్తుంది?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైన వారంలో మీ ఫోన్‌కి ఒక ఫార్వర్డ్ తప్పకుండా వస్తుంది. ‘మావాడికి 14 వేల ర్యాంకు, కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు. పక్కింటి అబ్బాయికి 31 వేలు, వచ్చేసింది. ఇదేం న్యాయం?’ అని. సూర్యాపేట అపార్ట్‌మెంట్ గ్రూపు కావచ్చు, మిర్యాలగూడ పదో తరగతి బ్యాచ్ గ్రూపు కావచ్చు, గంట తిరక్కుండానే అక్కడ రెండు పార్టీలు తయారవుతాయి. ఒకరు అంబేద్కర్ ఫొటో పెడతారు, ఇంకొకరు ‘ప్రతిభ చచ్చిపోయింది’ అంటారు, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోతారు. ఆ గొడవలో ఎవరూ చెప్పనిది ఒకటుంది: సీట్లను అసలు ఎలా పంచుతారు? అది తెలియకుండా న్యాయం, అన్యాయం మాట్లాడుకోవడం కష్టం. అందుకే ఈసారి లెక్క దగ్గర మొదలుపెడదాం.

వంద సీట్లు ఉన్నాయనుకోండి

ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా కింద సరిగ్గా 100 సీట్లు ఉన్నాయనుకుందాం. తెలంగాణలో ఇప్పుడు బీసీలకు 29 శాతం. అందులో బీసీ-ఏకి 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. ఎస్సీలకు 15. ఎస్టీలకు 10. మొత్తం 54. మిగిలిన 46 ఓపెన్. వీటిలో ప్రతి విభాగంలోనూ మూడో వంతు అమ్మాయిలకు. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకిచ్చే 10 శాతం ఈడబ్ల్యూఎస్ సీట్లను ఇంజినీరింగ్‌లో ఈ వందకు అదనంగా చేరుస్తారు. అంటే ఆ కోటా వచ్చాక ఓపెన్ సీట్లు తగ్గలేదు.

ఇక్కడే అందరూ పడే పొరపాటు. ‘ఓపెన్’ అంటే ఓసీల కోటా కాదు. ఆ 46 సీట్లు ఎవరివీ కావు, ర్యాంకు ఉన్నవాళ్లందరివీ. మంచి ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయి ఓపెన్‌లోనే సీటు తీసుకుంటుంది, అప్పుడు ఆమెను బీసీ లెక్కలో కలపరు. ‘మా 46లోకి కూడా వాళ్లొచ్చారు’ అనే మాట మీరు విని ఉంటారు. ఆ 46 ఎప్పుడూ ‘మా’ది కాదు.

ఇంకాస్త లోతుకు వెళ్తే జీవో 550 తగులుతుంది. 2001 జులై నాటి ఈ జీవో పేరు మెడికల్ సీటు కోసం తిరిగిన ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది, అర్థమైనవాళ్లు మాత్రం తక్కువ. ఒక బీసీ-డీ అమ్మాయికి తన ర్యాంకుతో సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఓపెన్ సీటు వస్తుంది. అదే ర్యాంకుకు బీసీ కోటాలో అయితే హైదరాబాద్ ఉస్మానియాలో వస్తుంది. ఆమె ఉస్మానియాకే వెళ్తుంది, ఎవరైనా అంతే. మరి సూర్యాపేటలో ఆమె వదిలేసిన ఓపెన్ సీటు ఎవరికి? ఈ జీవో ప్రకారం అదే కేటగిరీలో తర్వాతి అభ్యర్థికి. బయటి నుంచి చూస్తే ఓపెన్ సీటును బీసీకి ఇచ్చినట్టు కనిపిస్తుంది. కానీ ఇలా చేయకపోతే, ర్యాంకుతో ఓపెన్‌లో గెలిచిన అమ్మాయి బీసీ వాటాలోంచి ఒక సీటు తినేసినట్టవుతుంది. బాగా చదివినందుకు తన వర్గానికే నష్టం. దీని మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు జరిగాయి. నా మట్టుకు నాకు ఈ పద్ధతి లెక్కలో తప్పు కనబడదు. తప్పల్లా, దీన్ని ఎవరికీ అర్థమయ్యేలా చెప్పకపోవడంలో ఉంది.

పదిహేనులో మూడు ముక్కలు

2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతం మూడు గ్రూపులైంది. గ్రూప్-1లో 15 కులాలు, వాటికి 1 శాతం. గ్రూప్-2లో 18 కులాలు, 9 శాతం. మాదిగలు ఇందులో ఉన్నారు. గ్రూప్-3లో 26 కులాలు, 5 శాతం. మాలలు ఇందులో. దీన్ని సిఫారసు చేసింది జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్, మంత్రివర్గ ఉపసంఘానికి నాయకత్వం వహించింది సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి.

వెనుక మూడు దశాబ్దాల కథ ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ దండోరా మొదలుపెట్టారు. ఎస్సీ కోటాలో సీట్లు, ఉద్యోగాలు జనాభా ప్రకారం మాదిగలకు అందడం లేదన్నది వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏ, బీ, సీ, డీలుగా 1, 7, 6, 1 చొప్పున విడగొట్టింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జిల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో చిన్నయ్య తీర్పు తప్పని చెప్పి దారి తెరిచింది.

వాటాలు సరిపోయాయా? కమిషన్ వాడిన లెక్క ప్రకారం ఎస్సీ జనాభాలో గ్రూప్-2 వాటా 62.7 శాతం, గ్రూప్-3 వాటా దాదాపు 34, గ్రూప్-1 వాటా 3.3. సీట్లలో చూస్తే పదిహేనుకు తొమ్మిదంటే 60 శాతం, అయిదంటే 33, ఒకటంటే 6.7. పెద్ద గ్రూపులు రెండూ కొంచెం తగ్గి, అతి చిన్న గ్రూపుకు రెట్టింపు ఇచ్చాయి. కాగితం మీద బాగుంది. కానీ 60 సీట్లుండే ఒక సెక్షన్‌లో ఒక శాతం అంటే ఒక్క సీటు కూడా నిండదు. గ్రూప్-1 పిల్లలకు ఈ ఒక శాతం ఎంత పనికొస్తుందన్నది పెద్ద కాలేజీల్లో, ఎక్కువ సీట్లున్న కోర్సుల్లోనే తేలాలి. గ్రూప్-1లో అభ్యర్థులు లేకపోతే ఆ సీటు గ్రూప్-2కు, అక్కడా లేకపోతే గ్రూప్-3కు వెళ్తుంది.

మీరు ఎస్సీ కుటుంబమైతే ముందు చూడాల్సింది ఒకటే: పాత కుల ధ్రువీకరణ పత్రంలో గ్రూపు ఉండదు. మీసేవలో గ్రూపుతో ఉన్న కొత్త సర్టిఫికెట్ తీసుకోండి, అదీ కౌన్సెలింగ్ తేదీలు రాకముందే.

కోదాడ సమస్య

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కులం గురించి ఇంత మాట్లాడుకుంటాం కానీ, తెలంగాణలో సీటును అన్నిటికంటే ముందు తేల్చేది కులం కాదు, ‘లోకల్’. లోకల్ అయితేనే పైన చెప్పిన 29, 15, 10ల లెక్కలోకి వస్తారు. 1973లో రాజ్యాంగంలో చేర్చిన 371-డి అధికరణ, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. 85 శాతం సీట్లు స్థానికులకు.

ఎవరు స్థానికులు? అమ్మానాన్నల ఊరు ఏదన్నది కాదు. పిల్లలు ఎక్కడ చదివారన్నది.

కోదాడ నుంచి విజయవాడ దగ్గర. హైదరాబాద్ దానికి రెట్టింపు దూరం. జాతీయ రహదారి మీద బస్సెక్కితే కాసేపటికే జగ్గయ్యపేట, తర్వాత విజయవాడ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు. తరాలుగా ఈ వైపు పిల్లలు ఇంటర్‌కు అటే వెళ్లారు. రాష్ట్రం విడిపోయాక కూడా అలవాటు పోలేదు. విభజన చట్టం 95వ సెక్షన్ ఉమ్మడి ప్రవేశాల విధానాన్ని పదేళ్లు కాపాడింది. 2024 జూన్ 2తో ఆ పదేళ్లు అయిపోయాయి.

ఆ జులై 19న తెలంగాణ ప్రభుత్వం జీవో 33 తెచ్చింది. ఎంబీబీఎస్, బీడీఎస్ కన్వీనర్ సీట్లకు లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, తెలంగాణలోనే చదివి ఉండాలి. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు కోదాడలో చదివి, రెండేళ్లు విజయవాడ హాస్టల్‌లో ఉన్న పిల్ల ఒక్కసారిగా నాన్-లోకల్ అయిపోయింది. ఆంధ్రలో చదివింది రెండేళ్లే, అక్కడా లోకల్ కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

విద్యార్థులు హైకోర్టుకు వెళ్లారు. తెలంగాణ శాశ్వత నివాసులకు స్థానికత నిరాకరించడం కుదరదని 2024 సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ కోర్టుకెక్కిన వారికి ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. 2025 సెప్టెంబరు 1న తుది తీర్పు వచ్చింది: నాలుగేళ్ల నిబంధన చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలోనో, సైన్యంలోనో ఉండి బయటి రాష్ట్రాల్లో పనిచేసే తెలంగాణ వారి పిల్లలకు మాత్రం వెసులుబాటు.

ప్రభుత్వ వాదనలో బలం లేకపోలేదు. నివాస ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవడం తేలిక, నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్ పుట్టించడం కష్టం. ప్రజల డబ్బుతో కట్టిన మెడికల్ కాలేజీలో చదివినవాళ్లు ఈ ఊళ్లలోనే వైద్యం చేయాలనుకోవడమూ తప్పు కాదు. సూర్యాపేట కాలేజీ 2019లో 150 సీట్లతో మొదలైంది. అఖిల భారత కోటాకు పోయే 15 శాతం తీసేస్తే మిగిలినవన్నీ తెలంగాణ లోకల్‌వే, ఎందుకంటే 2014 జూన్ 2 తర్వాత వచ్చిన కాలేజీల్లో కన్వీనర్ సీట్లు నూటికి నూరూ లోకల్‌కే ఇవ్వాలని 2023లో నిర్ణయించారు. ఇంటి పక్కనున్న ఈ కాలేజీలో కోదాడ పిల్లకు చోటు లేకపోవడానికి కారణం మాత్రం ఆమె కులం కాదు, ర్యాంకు కాదు, పదహారేళ్ల వయసులో ఏ హాస్టల్‌లో చేరిందన్నది. సరిహద్దు మండలాలకు ఏదో ఒక ప్రత్యేక నిబంధన పెట్టి ఉంటే పోయేదేమీ లేదని నాకనిపిస్తుంది. పెట్టలేదు.

ఇంజినీరింగ్‌లో పరిస్థితి వేరు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 15తో మిగతా 15 శాతం సీట్లలోంచి ఆంధ్ర అభ్యర్థులను తప్పించారు. ఆ 15 శాతంలో మాత్రం తల్లిదండ్రులు పదేళ్లు తెలంగాణలో ఉన్నా పిల్లలు పోటీ పడొచ్చు. మెడిసిన్‌లో తలుపు మూసుకున్న కోదాడ పిల్లకు ఇక్కడ కిటికీ ఉంది.

తండాల నుంచి

మిర్యాలగూడ వైపు, దామరచర్ల చుట్టుపక్కల తండాల పిల్లలకు పెద్ద మార్పు 2022 సెప్టెంబరు 30న వచ్చింది. ఎస్టీ కోటా 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ జీవో నంబరు కూడా 33 కావడం యాదృచ్ఛికం, ఈ రెండు 33లను కలిపేసి రాసిన పోస్టులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వందలో నాలుగు సీట్లు పెరగడమంటే చిన్న మాట కాదు. కానీ ఇక్కడా లోపలి తగువు మొదలైంది. 1976 చట్టంతో ఎస్టీ జాబితాలో చేరిన లంబాడీలే ఫలాలన్నీ పొందుతున్నారని కోయ, గోండు నాయకులు అంటున్నారు. జాబితా నుంచి తొలగించాలన్న పిటిషన్ సుప్రీంకోర్టులో ఉంది. తండాలో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన అమ్మాయికి ‘నువ్వు ఎక్కువ తిన్నావు’ అని చెప్పడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఉట్నూరు గూడెంలో ఇంటర్ దాటని పిల్లవాడికి ‘అంతా బాగానే ఉంది’ అని చెప్పడమూ అంతే. ఎస్సీల్లో వర్గీకరణకు ఒప్పుకున్న కోర్టు మాటలు ఎస్టీల విషయంలో ఎటు తీసుకెళ్తాయన్నది రాబోయే ఏళ్లలో పెద్ద ప్రశ్న.

42 ఎందుకు ఆగింది?

2024 చివర్లో జరిగిన ఇంటింటి సర్వే తెలంగాణలో బీసీలు 56.33 శాతమని తేల్చింది. ఇందులో ముస్లిం బీసీలు 10.08. ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. 2025 మార్చి 17న అసెంబ్లీ బీసీ కోటాను 42 శాతం చేస్తూ రెండు బిల్లులు పాస్ చేసింది. ఒకటి చదువులు, ఉద్యోగాలకు, ఇంకొకటి స్థానిక సంస్థలకు. ఈ రెంటినీ కలపకండి. 2025 అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది పంచాయతీ ఎన్నికల జీవో మీద. కాలేజీ సీట్ల బిల్లుకు కావాల్సింది రాష్ట్రపతి ఆమోదం. అది రాకుండా ఏ కాలేజీలోనూ 42 అమలు కాదు, కన్వీనర్ లెక్క 29 మీదే నడుస్తుంది.

అడ్డం ఎక్కడంటే 50 శాతం పరిమితి. ఈ కథ మనకు చాలా దగ్గరది. కోదాడ దాటాక వచ్చే జగ్గయ్యపేట ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం, కోదాడ హైదరాబాద్ రాష్ట్రం. మద్రాసులో ప్రతి 14 సీట్లను కులాలు, మతాల వారీగా పంచే కమ్యూనల్ జీవో ఉండేది: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లకు 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండు నెలలు తిరక్కుండా పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) చేర్చింది. ఈనాటి కాలేజీ రిజర్వేషన్లలో చాలావరకు దాని మీద నిలబడ్డవే.

1962లో బాలాజీ కేసులో యాభై శాతం మాట వచ్చింది, 1992 మండల్ తీర్పులో అది గట్టిపడింది. మధ్యలో ఎన్టీఆర్ ప్రయోగం ఒకటుంది, చాలామంది మరిచిపోయారు. అనంతరామన్ కమిషన్ సిఫారసుతో వచ్చిన బీసీల 25 శాతాన్ని 1972లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని 44కు పెంచింది, ఆ ఏడాదే హైకోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో బిహార్ 65 శాతానికీ పట్నా హైకోర్టులో అదే గతి పట్టింది. తమిళనాడు 69 శాతం నిలిచింది తొమ్మిదో షెడ్యూల్ అండతో. ఢిల్లీ మద్దతు లేకుండా తొమ్మిదో షెడ్యూల్ లేదు. కాబట్టి అసెంబ్లీలో బల్లలు చరిచినంత సులువుగా కాలేజీల్లో సీట్లు పెరగవు.

అయితే 50 గీత నిజంగా అంత పవిత్రమా? 2022 నవంబరులో ఈడబ్ల్యూఎస్‌ను సమర్థిస్తూ ముగ్గురు జడ్జిలు ఆ గీత మారనిదేమీ కాదన్నారు. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న అగ్రవర్ణాలకు గీత దాటొచ్చు, జనాభాలో సగానికి పైగా ఉన్నవారికి దాటకూడదా అని బీసీ సంఘాలు అడుగుతున్నాయి. దీనికి సూటిగా సమాధానం చెప్పినవారిని నేను చూడలేదు.

అమెరికాలో తీసేశారుగా?

గ్రూపుల్లో వచ్చే మరో మాట ఇది. నిజమే, 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరొలైనా కేసుల్లో, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని చెప్పింది. కానీ అక్కడ కొట్టేసింది మన దగ్గరున్న లాంటిది కాదు. అక్కడ కోటాలు 1978 బాకీ కేసుతోనే పోయాయి. ఆ తర్వాత మిగిలింది, దరఖాస్తును చూసేటప్పుడు జాతిని ఒక అంశంగా గమనించడమే. మన రాజ్యాంగం కోటాకు స్పష్టంగా అనుమతిస్తుంది, వాళ్లది అనుమతించదు. ఆ కేసులో ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది ప్రధాన వాదన. అందుకే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువులు దాన్ని అంతగా పట్టించుకున్నారు.

ఇంకో సంగతి వాళ్లు తక్కువగా చెబుతారు. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని ఆ తీర్పు ముట్టుకోలేదు. మన దగ్గర దానికి చుట్టం మేనేజ్‌మెంట్ కోటా. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు అవే. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ వాటా సగమే, 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై. లక్షల్లో ఫీజు కట్టగలిగితే మంచి ర్యాంకు వాడిని దాటి వెళ్లొచ్చు. 31 వేల ర్యాంకు గురించి పోస్టులు పెట్టేవాళ్లు లక్ష దాటిన ర్యాంకుతో మేనేజ్‌మెంట్ సీట్లో కూర్చున్న వాడి గురించి పెట్టరు. ఎందుకంటే ఆ వాడు చాలాసార్లు మనవాడే.

‘రిజర్వేషన్ డాక్టర్’ అనే మాటకూ ఇక్కడే జవాబు. ప్రవేశంలో కటాఫ్ వేరు. నీట్‌లో జనరల్‌కు 50వ పర్సంటైల్, రిజర్వుడ్ వర్గాలకు 40. లోపలికి వెళ్లాక సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, పాస్ మార్కులు ఒకటే.

ఫీజు వైపు కూడా చూడండి. రీయింబర్స్‌మెంట్‌లో బీసీ, ఈబీసీలకు పది వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, ఆ పైన ఏడాదికి 35 వేలు. లక్షకు పైగా ఫీజున్న కాలేజీలో కోటా కింద సీటొచ్చినా మిగతాది ఇంటి నుంచే కట్టాలి. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. పట్టణంలో అద్దె కట్టుకుంటూ నెలకు 17 వేలు తెచ్చుకునే మెకానిక్ ఆ గీత దాటిపోతాడు. సీటు వచ్చి కూడా చేరని పిల్లలను ఏ కోటా లెక్కా పట్టుకోదు.

మీ చేతిలో ఉన్నది

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. స్కూలు మూతపడితే తర్వాత చాలా తిరగాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, నిరుటిది పనికిరాదు. అఖిల భారత కోటా, ఐఐటీ, ఎన్ఐటీలకు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ సరిపోదు, కేంద్ర ఓబీసీ నాన్-క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి, మీది ఉందో లేదో ముందే చూసుకోండి. ఇక మీ ఇల్లు కోదాడలో ఉండి, అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండి, ఆమెకు డాక్టరు కావాలనుంటే, విజయవాడ కాలేజీ వాళ్లు బ్రోచర్ పట్టుకుని మీ ఇంటికి వచ్చినప్పుడు జీవో 33 గుర్తుంచుకోండి. వాళ్లు దాని గురించి చెప్పకపోవచ్చు.